బానెట్ మీద సాలెగూడు

మా ఆయన కళ్ళు ఎలా పోయాయో చెప్పాలంటే ముందు మా కారు గురించి చెప్పాలి. అలా మొదలుపెట్టగానే వినేవాళ్ళు "అయ్యో, యాక్సిడెంటా?" అంటారు. యాక్సిడెంటయితే ఎవరో ఒకర్ని తిట్టుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. మా కారు రోడ్డెక్కిందే తక్కువ. దాని బతుకంతా షెడ్‌లోనే గడిచింది, ఆయన బతుకులో మంచి భాగం కూడా అక్కడే గడిచింది.

ఆయన బేరింగులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్. ముక్కని కొలిచి, దీపం కింద తిప్పి చూసి, పనికొస్తుందో రాదో తేల్చడం ఆయన ఉద్యోగం. తోటివాళ్ళు ఆయన్ని, వెంట్రుకవాసి తేడాని కూడా పట్టే కొలత పరికరం పేరుతో, మైక్రోమీటర్ అని పిలిచేవారు, చాటుగా కాదు, ముఖం మీదే. ఆయనకీ ఆ పేరు ముద్దుగానే ఉండేది. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం దిగేవారు కాదు. గోడకి కొట్టిన మేకు వంకరనేవారు. నేను తరిగిన ముక్కలు ఒక్క సైజులో లేవనేవారు. నేను బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషిని, నాకూ నోరుంది. "అయితే కత్తిపీట మీరే పట్టండి" అనేదాన్ని. కారు కొన్నాక ఆ చూపంతా దాని మీదకి మళ్ళింది. నాకూ గోడలకీ విముక్తి దొరికింది.

నల్ల కారు. "నలుపు వద్దండీ, చిన్న దుమ్ము పడ్డా కనిపిస్తుంది" అని మొత్తుకున్నాను. "కనిపించాలనే కదా" అన్నారు. ఇక అక్కడితో వాదన అయిపోయింది.

సెలవొస్తే చాలు, టీ తాగేసి షెడ్‌లోకి వెళ్ళిపోయేవారు. రెండు బకెట్లు ఉండేవి. ఒకదాంట్లో సబ్బు నీళ్ళు, ఇంకోదాంట్లో మామూలు నీళ్ళు. తుడిచే గుడ్డ ముందు మామూలు నీళ్ళలో ముంచి, మట్టి వదిలించి, తర్వాతే సబ్బులో ముంచాలి. పొరపాటున ఆ వరస తప్పితే రెండు బకెట్లూ పారబోసి మళ్ళీ మొదలు. గుడ్డ నేల మీద పడితే ఇక దానికి కారు ముట్టుకునే యోగ్యత లేదు, ఒక్క ఇసుక రేణువు చాలట గీత పడడానికి. అలా కులం చెడిన గుడ్డలన్నీ నా వంటింటికి వచ్చేవి. మా ఇంట్లో స్టవ్వు తుడిచే గుడ్డలంత మెత్తటివి ఏ ఇంట్లోనూ ఉండి ఉండవు. గాలి వచ్చే కంతల్లో దుమ్ముకి చెవి పుల్లలు, చక్రాల నట్లకి పళ్ళ బ్రష్షు. "మీ పళ్ళ మీద కూడా కాస్త ఇంత శ్రద్ధ చూపించకూడదా" అంటే నవ్వేవారు.

మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా "వదినా, నీకు సవతి బాగా నిగనిగలాడుతోంది" అని ఏడిపించేది. "సవతయితే జుట్టు పట్టుకుని తేల్చుకునేదాన్ని, దీనికి జుట్టు కూడా లేదు కదమ్మా" అనేదాన్ని. కానీ నిజం చెప్పాలి కదా, వంటింటి కిటికీలోంచి ఆయన్ని చూడడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఫ్యాక్టరీలో ముఖం ముడుచుకునే మనిషి, కారు తలుపు మీద నీళ్ళు ముత్యాల్లా నిలిచి జారుతుంటే చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూసేవారు. ఆ మనిషి మీద నాకు ప్రేమ ఎక్కువగా కలిగింది ఆ కిటికీ దగ్గరే.

కడగడమూ తుడవడమూ ఒక ఎత్తు, చూడడం ఒక ఎత్తు. రంగు మీద సన్నని గీతలు పగలు కనిపించవట. షట్టరు దించి, చీకటి చేసి, చేతి దీపం వెలిగించి, బానెట్‌లో ఆ దీపం ప్రతిబింబాన్ని చూడాలి. గీతలుంటే ఆ ప్రతిబింబం చుట్టూ గుండ్రంగా, సాలెగూడులా పరుచుకుని కనిపిస్తాయి. ఆ పేరు ఆయన పెట్టిందే, సాలెగూడు. గూడు కనిపిస్తే మిషన్ పెట్టి పాలిష్ చేసి తీసేయాలి. తీసేశాక పాలిష్‌లోని నూనె కూడా స్పిరిట్‌తో తుడిచేసి మళ్ళీ చూడాలి. నూనె గీతల్లో నిండి వాటిని కప్పేస్తుంది, అప్పుడు అంతా బాగున్నట్టు అబద్ధం కనిపిస్తుంది. "అసలు రంగు చూడాలంటే దాని మీద ఏమీ ఉండకూడదు" అని మా అమ్మాయికి పాఠం చెప్పేవారు. అది వింటూనే ఫోను చూసుకునేది.

ఒక మధ్యాహ్నం షెడ్‌లోంచి కేక వేశారు. "ఇదిగో, ఇలా రా ఒకసారి."

వెళ్ళాను. షట్టరు దించి ఉంది. ఆయన బానెట్ మీదకి వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తున్నారు.

"చూడు, గూడు పట్టింది. దీపం చుట్టూ ఎంత పెద్ద వలయమో."

నేనూ వంగాను. నల్లటి అద్దంలో పచ్చ బఠాణీలా దీపం. అంతే. "నాకేం కనిపించడం లేదండీ."

"రంగులు రంగులుగా లేదూ? మిషన్ వదిలిన జాడ అది."

"లేదు మహానుభావా."

"నీకు కారు చూడ్డం రాదులే" అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. నాకు లెక్కలు చూడ్డం వచ్చు, కారు చూడ్డం ఎక్కడొచ్చు?

ఆ రోజు పాలిష్ చేశారు. షట్టరు ఎత్తి వెలుగులో చూస్తే గూడు మాయం. పొంగిపోయారు. తర్వాతి సెలవుకి మళ్ళీ షట్టరు దించి దీపం వెలిగిస్తే మళ్ళీ గూడు. మళ్ళీ మిషన్. ఇక ఇదే తంతు. ముందు పాలిష్‌ని అనుమానించారు, మార్చారు. తర్వాత మిషన్‌కి తొడిగే ప్యాడ్ మార్చారు, గుడ్డలు మార్చారు, కుళాయి నీళ్ళు మార్చి కాచి చల్లార్చిన నీళ్ళు వాడారు. చివరికి నన్ను అనుమానించారు. "నువ్వు వంటింటి గుడ్డతో తుడిచావా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. "మీ కారు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టుకుంటున్నాను, ఇంకేం చేయమంటారు" అన్నాను.

షెడ్‌లోంచి వచ్చాక కనుబొమ్మల మీద తలనొప్పనేవారు. పాలిష్ వాసనకనుకున్నాం. మాత్ర వేసుకుని వరండాలో పడుకుంటే తగ్గిపోయేది.

మా వీధి చివర కార్లకి రంగులేసే పెయింటర్ని పిలిచి చూపించారు. అతను చేతిలో పట్టేంత పెట్టె ఒకటి తెచ్చి బానెట్ మీద అక్కడక్కడా ఆనించి చూశాడు. రంగు మందం చెప్పే పెట్టె అది.

"సార్, గీతలేం లేవు. కానీ పైన ఉండే పూత బాగా అరిగిపోయింది. ఉల్లిపొరంత మిగిలింది. ఇక మిషన్ పెట్టకండి, పెడితే రంగు చిరిగిపోద్ది."

"గూడు లేదా?" అన్నారు ఈయన.

"లేదు సార్."

అతను వెళ్ళాక ఈయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. "రంగులేసేవాడికి కళ్ళు లేకపోతే ఎలా?" అన్నారు.

తేల్చింది ఫ్యాక్టరీ. మైక్రోమీటర్ వరసగా మంచి ముక్కల్ని కూడా పనికిరావని పక్కన పడేయడం మొదలుపెట్టాడట. పైన మసకగా ఉందని, మెరుపు సరిగా లేదని. ఇంకో ఇన్‌స్పెక్టర్ చూస్తే అన్నీ శుభ్రంగా ఉన్నాయట. ఒకసారి గొడవ, రెండోసారి గొడవ. మేనేజరు మర్యాద తెలిసినవాడు, "ఒకసారి కళ్ళు చూపించుకోండి, అందరికీ చేయిస్తున్నాం" అని పంపించాడు. అందరికీ చేయించలేదని తర్వాత తెలిసింది.

కళ్ళ డాక్టరమ్మ చిన్న వయసుది, మా అమ్మాయి కంటే కాస్త పెద్దదేమో. చాలాసేపు చూసింది. గడ్డం ఒక పట్టీ మీద ఆనించి, కళ్ళలోకి వెలుగు కొట్టి, చుక్కలు వేసి, మళ్ళీ చూసి. తర్వాత కుర్చీ దగ్గరకి జరుపుకుని అడిగింది. "లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవా మీకు?"

"లైట్ల చుట్టూ కాదండీ, బానెట్ మీద" అన్నారు ఈయన.

ఆవిడకి అర్థం కాలేదు. నేను చెప్పాను, షెడ్ సంగతి, షట్టరు సంగతి, దీపం సంగతి. వింటూ వింటూ ఆవిడ కలం కింద పెట్టేసింది.

కంట్లో ఊరే నీరు బయటికి పోవడానికి ఒక సందు ఉంటుందట. ఈయనకి అది పుట్టుకతోనే ఇరుకు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, అప్పుడు ఆ సందు మూసుకుపోతుంది. తల వంచి దగ్గర్నుంచి చూస్తే ఇంకా మూసుకుంటుంది. నీరు నిండి, ఒత్తిడి పెరిగి, దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. వెలుగులోకి వస్తే పాప చిన్నదై, సందు తెరుచుకుని, వలయం మాయమవుతుంది. కానీ ఆ ఒత్తిడికి లోపలి నరం ప్రతిసారీ కొంత చచ్చిపోతుంది. కుడి కన్ను అప్పటికే దాదాపు పోయింది. ఎడమది సగం.

"పోయింది తిరిగి రాదండీ" అంది డాక్టరమ్మ, ఆయన వైపే చూస్తూ. "మిగిలింది కాపాడుకోవాలి. ఈ చుక్కలు ఒక్క పూట కూడా మానొద్దు. ఒత్తిడి తగ్గాక వచ్చే వారం లేజర్‌తో చిన్న కంత పెడతాను. అప్పటిదాకా చీకట్లో కూర్చోవద్దు, వంగి పని చేయొద్దు. ఆ షెడ్ తలుపు కూడా తీయొద్దు."

అంటే ఆ వలయాలు కనిపించినప్పుడల్లా ఆయన కన్ను చచ్చిపోతూ ఉంది, ఆయన వాటిని కారు మీద గీతలనుకుని రుద్దుతూ ఉన్నారు. ఆయన ఎంత శ్రద్ధగా చీకటి చేసుకుంటే అంత తొందరగా పోయింది. ఇంత అన్యాయం ఎవరికి జరుగుతుంది? నిర్లక్ష్యం చేసి పోగొట్టుకుంటే ఒక ఏడుపు. జాగ్రత్త చేసీ చేసీ పోగొట్టుకోవడం ఎక్కడైనా ఉందా?

ఆటోలో ఇంటికొస్తున్నాం. ఆయన అడిగారు. "అయితే గూడు కారు మీద లేదంటావా?"

"లేదనే కదండీ ఆవిడ చెప్పింది."

"ఆవిడ కారు చూడలేదు కదా."

షెడ్‌కి తాళం వేసి, తాళంచెవి నా చేతి సంచిలో వేసుకున్నాను. ఇన్‌స్పెక్టర్ల దగ్గర రెండో తాళంచెవి ఉంటుందని నాకు తట్టలేదు.

లేజర్ ఇంకా అవలేదు. ఆయనకి సెలవిచ్చారు, ఇంట్లోనే ఉన్నారు. నేను బడికి వెళ్ళాను, అమ్మాయి ఆఫీసుకి వెళ్ళింది. సాయంత్రం గేటు తీస్తూనే మిషన్ మోత వినిపించింది. షెడ్ దగ్గరికి పరుగెత్తాను. షట్టరు ఎత్తలేకపోయాను, పక్కింటాయన వచ్చి ఎత్తాడు. మిషన్ నేల మీద పడి ఇంకా తిరుగుతోంది. కాలిన వాసన. ఆయన టైరుకి ఆనుకుని కూర్చున్నారు, చొక్కా నిండా వాంతి. ఎడమ కన్ను నెత్తుటి ముద్దలా ఉంది.

"ఎవరు, నువ్వేనా?" అన్నారు.

"ఎందుకు వచ్చారండీ ఇక్కడికి? ఎందుకు వచ్చారు?" నేను అరుస్తూనే ఉన్నాను.

ఎందుకు వచ్చారో ఆస్పత్రికి వెళ్ళేదాకా చెబుతూనే ఉన్నారు, తల పట్టుకుని. పరీక్ష చేద్దామని. బానెట్‌కి మధ్యలో టేపు అంటించి, ఒక సగం పాలిష్ చేసి, రెండో సగం వదిలేసి, రెంటినీ పోల్చి చూద్దామని. పాలిష్ చేసిన వైపు గూడు తగ్గితే అది కారుది, రెండు వైపులా ఒకేలా ఉంటే కంటిది. ఫ్యాక్టరీలో ఏ అనుమానమొచ్చినా అలాగే తేల్చేవారట. పొద్దుటినుంచి కంట్లో చుక్కలు కూడా వేసుకోలేదు.

"చుక్కలెందుకు మానారండీ?" అన్నాను.

"అవి వేస్తే పాప చిన్నదవుతుంది కదా. గూడు కనిపించదు. నూనె తుడవకుండా రంగు చూసినట్టే. అసలు సంగతి తెలియాలంటే కంటి మీద ఏమీ ఉండకూడదు."

పక్కింటాయన కారు నడుపుతూ ఏమీ అర్థంకాక అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. నాకు మాత్రం అంతా అర్థమైంది. ఈ ప్రపంచంలో ఇంకే మగాడూ ఇలాంటి కారణానికి మందు మానడు.

డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. మందు ఎక్కించింది, ఆ పూటే లేజర్ పెట్టింది, తర్వాత ఆపరేషన్ కూడా చేసింది. కుడి కన్ను పూర్తిగా పోయింది, కొన్నాళ్ళు ఎడమ కంటికి కిటికీ ఎటుందో తెలిసేది. తర్వాత అదీ లేదు. మా అమ్మాయి కళ్ళు కూడా పరీక్ష చేసి, దాని కంట్లో సందు కూడా ఇరుకేనని తేల్చి, లేజర్ పెట్టి పంపించింది. దానికి ఇక భయం లేదట. ఈ కథలో బాగుపడ్డది అదొక్కటే, దానికి నేను దేవుడికి దండం పెట్టుకోవాలో ఆయన్ని తిట్టాలో నాకు తెలియదు.

ఆపరేషన్ అయి కట్టు కట్టాక ఆయన మొదట అడిగిన మాట, "బానెట్‌కేం కాలేదు కదా?"

"ఏం కాలేదు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. కళ్ళకి కట్టు కట్టుకుని పడుకున్న మనిషికి ఇంకేం చెబుతాం?

బానెట్‌కి ఏమైందంటే, నొప్పితో చూపు ఆగిపోయాక కూడా ఆయన మిషన్ని ఒక్కచోటే అదిమిపట్టి ఉంచారు. అన్నం పళ్ళెమంత మేర నల్లరంగు పోయి తెల్లటి పూత తేలింది, దాని నడుమ ఇనుము. నల్ల కారు నుదుటన బొల్లి పట్టినట్టు. వానాకాలపు చెమ్మకి ఇనుము దగ్గర తుప్పు కూడా ఎక్కింది. అమ్మాయి చూసి చేతుల్లో ముఖం పెట్టుకుంది. "నాన్నకి చెప్పొద్దమ్మా" అంది. చెప్పొద్దనే నేనూ అనుకున్నాను.

ఉద్యోగం పోయింది, కారు మాత్రం మిగిలింది. షెడ్‌లోకి వెళ్ళడానికి ఇప్పుడు డాక్టరమ్మ అనుమతి అక్కర్లేదు. సెలవు రోజంటూ వేరే లేదు కాబట్టి బుద్ధి పుట్టినప్పుడల్లా వెళ్ళేవారు. రెండు బకెట్లూ నేను నింపి పెట్టేదాన్ని, ఏది ఎడమ ఏది కుడి అని ఒకసారి చెబితే చాలు. గుడ్డ పట్టుకుని చేత్తో తడుముతూ ముందు నుంచి వెనక్కి కడుక్కుంటూ పోయేవారు. మిషన్ని మాత్రం ముట్టుకోలేదు.

"ఎలా ఉంది?" అని అడిగేవారు, అయిపోయాక.

"అద్దంలా ఉంది. నా ముఖం కనిపిస్తోంది."

ఒకసారి బానెట్ మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి. "ఇక్కడేదో అంచు తగులుతోంది."

"నీళ్ళ మరకండీ. ఎండిపోయింది."

"అంతేనా?"

"అంతే."

"సరే" అన్నారు. నమ్మారు! మా పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ మనిషి నా మాట ఒక్కటైనా కొలవకుండా నమ్మలేదు. ఇప్పుడు చొక్కా రంగు నేను చెప్పిందే, గడ్డం బాగా తీశారో లేదో నేను చెప్పిందే, బయట మబ్బు పట్టిందంటే పట్టినట్టే. "నువ్వు చెప్పావుగా, చాలు" అనేవారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకది ఎంతో హాయిగా ఉండేది. ఇంత దుఃఖంలోనూ ఆ ఒక్క మాట వినడానికి ఏదో ఒకటి చెబుతూ ఉండేదాన్ని. పూలు పూశాయని, పక్కింట్లో గోడకి రంగు వేస్తున్నారని. అవి నిజాలే. బానెట్ ఒక్కటే అబద్ధం.

కారు అమ్మేద్దామన్నది ఆయనే. "నడిపేవాళ్ళు లేరు. బాగున్నప్పుడే మంచి చేతుల్లో పడాలి. చూసుకునేవాడికి ఇద్దాం" అన్నారు. నేను వద్దనడానికి ఎన్ని సాకులు వెతికానో! ఏదీ నిలబడలేదు. చివరికి మందుల షాపాయన తీసుకుంటానన్నాడు. మెత్తటి మనిషి. ముందే ఫోను చేసి సంగతంతా చెప్పుకున్నాను. "బానెట్ ఊసెత్తకండి, మీకెంత తక్కువకి కావాలంటే అంతకే ఇస్తాం" అన్నాను. "అయ్యో, అంత మాటెందుకమ్మా, నాకు తెలియదా" అన్నాడు పాపం.

ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పొద్దున్నే లేచి కారు కడిగారు. మందుల షాపాయన వచ్చేసరికి కారు పక్కన, పెళ్ళిలో ఆడపిల్ల తండ్రిలా నిలబడి ఉన్నారు.

"నలుపు చూసుకోవడం కష్టమండీ" అని మొదలుపెట్టారు. "రెండు బకెట్లు పెట్టుకోండి. గుడ్డ కింద పడితే మళ్ళీ వాడకండి. బానెట్ మీద పూత పల్చగా ఉంది, మిషన్ పెట్టనివ్వకండి ఎవర్నీ. కానీ ఇప్పుడు దాని మీద ఒక్క గీత ఉండదు. చీకటి చేసి చూసుకోండి కావాలంటే."

"అలాగే సార్, అలాగే" అంటున్నాడు షాపాయన. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అతను ఇంజను చూపించడానికని ఒక మెకానిక్‌ని తీసుకొచ్చుకున్నాడు. ఆ మెకానిక్ బండి గేటు బయట పెట్టి అప్పుడే లోపలికొచ్చాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కారు చూసి ఆగిపోయాడు.

"ఓరి నాయనో! ఎవడండీ ఈ బానెట్‌ని ఇలా తగలేసింది? ఇనుము దాకా అరగదీశాడు, తుప్పు కూడా పట్టింది. చేతకానివాడికి మిషన్ ఇస్తే ఇంతే!"

షాపాయన అతని చెయ్యి పట్టుకుని గట్టిగా లాగాడు. అప్పటికే అయిపోయింది.

మా ఆయన నవ్వారు. "మీరు వేరే కారు చూస్తున్నట్టున్నారు బాబూ" అన్నారు. నవ్వు అలాగే కొంచెంసేపు ముఖం మీద ఉండిపోయింది. తర్వాత నా వైపు, నేను ఉన్నాననుకున్న వైపు తిరిగారు. "ఏమోయ్?"

నేను బకెట్లు తీసి గోడవారగా పెట్టాను.

ఆయన బానెట్ మీద చెయ్యి వేశారు. నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళి ఆ అంచు దగ్గర ఆపారు. అంచు వెంబడే వేలు పెట్టి మొత్తం చుట్టూ తిప్పారు. నడుమ తుప్పు మీద గోటితో గీకి చూశారు.

"నీళ్ళ మరక" అన్నారు.

"అవునండీ, అబద్ధమే చెప్పాను!" అని అరిచేశాను, పరాయివాళ్ళున్నారని కూడా చూడకుండా. "ఏం చెప్పమంటారు? మీ కన్ను పోయిన రోజే మీ కారు కూడా పోయిందని చెప్పమంటారా? మీ చేత్తోనే పోయిందని చెప్పమంటారా? నావల్ల కాలేదు. ఇప్పుడు కూడా కాదు."

కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండేది. "ఉన్న మాట చెప్పినందుకు థాంక్స్ బాబూ" అన్నారు మెకానిక్‌తో, మర్యాదగానే. అతను ఏడుపు ముఖం పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. షాపాయన కారు తీసుకున్నాడు, చెప్పిన ధరకే, ఎంత చెప్పినా తగ్గించుకోలేదు. దాని చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఈయన షెడ్‌లోనే నిలబడ్డారు. తర్వాత గోడ పట్టుకుని లోపలికి వచ్చారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

మధ్యాహ్నం భోంచేశాక అడిగారు. "ఈ చొక్కా ఏం రంగు?"

"నీలం."

"ఊఁ" అన్నారు. 'చాలు' అనలేదు.

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక దాన్ని పిలిచి, "అమ్మా, నేను వేసుకున్న చొక్కా ఏం రంగే?" అన్నారు. అదేం తెలియక నవ్వుతూ "నీలం నాన్నా" అంది. ఆయన "కారు కూడా బాగుందనే చెప్పేదానివి కదూ నువ్వు" అన్నారు. దాని నవ్వు ఆరిపోయింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

చీకటి పడుతోంది. ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. టీవీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. తన మూలాన మేము చీకట్లో కూర్చోవడం ఆయనకి ఇష్టముండదు, పొద్దుపోతోందని తెలియగానే అడుగుతారు.

"లైటు వేశావా?" అన్నారు.

"వేశానండీ" అన్నాను. వేసే ఉంది.

ఆయన లేచారు. గోడ వెంబడి చెయ్యి ఆనించుకుంటూ, అడుగులో అడుగేసుకుంటూ, తలుపు పక్కనున్న బోర్డు దాకా వెళ్ళారు. స్విచ్చి దొరికేదాకా వెతికారు. దాని మీద వేలు పెట్టి, ఏ వైపుకి నొక్కి ఉందో తడిమి చూసుకుని, మళ్ళీ గోడ వెంబడే వచ్చి కూర్చున్నారు.